గుంట మగ్గం మీద కూర్చుంటే నడుము పట్టేస్తోంది, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు చెప్పండి

చండూరు_మగ్గం:

అందరికీ నమస్తే. మాది చండూరు దగ్గర పల్లె. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి, ఇక్కత్ పట్టు చీరలు నేస్తాం. నాకు 38 ఏళ్లు. పదో తరగతి అయినప్పటి నుంచి మగ్గం మీదే ఉన్నాను.

నడుము నొప్పి మా ఇళ్లలో కొత్తేం కాదు. కానీ ఈ ఎండాకాలం నుంచి దాని తీరు మారింది. పొద్దున లేచి మొహం కడుక్కుందామని వంగితే అక్కడికక్కడే పట్టేస్తోంది, గోడ పట్టుకొని లేవాల్సి వస్తోంది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న కాసేపటికే కుడి పిర్రలో మొదలై, తొడ వెనక నుంచి పిక్క దాకా గుంజుతుంది. లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగితే తగ్గుతుంది. మళ్లీ కూర్చుంటే మళ్లీ మొదలు. దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి పూసల మధ్య గ్యాప్ వచ్చిందన్నారు. గోళీలు, నడుం బెల్టు ఇచ్చి నెల రోజులు మంచం దిగొద్దన్నారు. మంచం దిగకపోతే ఇల్లెట్లా గడుస్తుంది? సేటు ఇచ్చిన పడుగు (మగ్గం మీద నిలువు దారాలు) సగంలో ఉంది, శ్రావణంలోపు చీరలు ఇవ్వాలి.

ఫోన్లో చూస్తే ఒకాయన ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకొమ్మంటాడు, ఇంకొకామె అసలు వంగొద్దు, భుజంగాసనం వేయమంటుంది. మా చిన్నాయనేమో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకుంటే పోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ అవుతోంది.

ఇంకో సంగతి. మా అమ్మకు 63. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగింది. ఆమెకు నడుమూ మెడా రెండూ బిగుసుకుపోయాయి. నేను చేసే వ్యాయామాలు ఆమెతో కూడా చేయించొచ్చా?

నల్లగొండ_ఫిజియో:

అన్నా, నేను నల్లగొండలో ఫిజియోథెరపిస్టును. మా అమ్మవాళ్ల ఇంట్లోనూ మగ్గం ఉండేది, దారం కండెలు చుట్టే రాట్నం చప్పుడు మధ్యనే పెరిగాను. మీరు ఎట్లా కూర్చుంటారో నాకు తెలుసు. పోగును దగ్గరకు కొట్టే పలక లాగడానికి ముందుకు వంగిన నడుము అట్లాగే ఉండిపోతుంది, ఆనుకోవడానికి వెనక ఏమీ ఉండదు.

ముందు ఒక్కటి చూసుకోండి. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండానే పడిపోవడం, కూర్చునే చోటంతా స్పర్శ లేకపోవడం, రెండు కాళ్లూ బలం తప్పడం: వీటిలో ఏది కనిపించినా వ్యాయామాల మాట పక్కన పెట్టి ఆ పూటే పెద్దాస్పత్రికి వెళ్లాలి. నరాల మీద బాగా ఒత్తిడి పడుతోందని అర్థం, గంటలు కూడా లెక్కే. నడిచేటప్పుడు పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయొద్దు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిపూట ఎటు తిరిగినా తగ్గని నొప్పి ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు, అయినా చదివే వాళ్లందరికీ తెలియాలని చెబుతున్నాను.

ఇక ఆ గ్యాప్ గురించి. ఆ మాట విని మనసులో భయం పెట్టుకోకండి. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి తప్ప పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు కనిపించదు. ఎమ్మారైలో కనిపించినా అదే నొప్పికి కారణమని చెప్పలేం. ఏ నొప్పీ లేని మనుషుల స్కానింగులన్నీ కూడగట్టి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. నలభై ఏళ్ల వయసున్న వాళ్లలో సగం మందికి డిస్కు ఉబ్బి ఉంది, వాళ్లకు నొప్పే లేదు. మీ నడుము విరిగిపోలేదన్నా, అలిగింది. అలిగిన నడుము మంచం మీద పడుకోబెడితే బాగుపడదు. ఒకటి రెండు రోజులు బాగా నొప్పి ఉన్నప్పుడు కాస్త పడుకోవడం వేరు, నెలరోజులు మంచం పట్టడం వేరు. పడుకున్న కొద్దీ కండ బలం పోతుంది, కదలాలంటే భయం పెరుగుతుంది.

ముందుకు వంగాలా, వెనక్కా అన్నారు. దానికి జవాబు మీ ఒళ్లే చెబుతుంది. కూర్చుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ, దగ్గితే జివ్వుమనడం. ఈ మూడూ కలిసిన వాళ్లలో చాలామందికి వెనక్కి వంగడం పడుతుంది. దీని వెనక ఒక కథ ఉంది. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో 1956లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలు లాగుతోందని ఒకాయన వచ్చాడు. తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద ఆయన బోర్లా పడుకున్నాడు, నడుము వెనక్కి వంగిపోయి ఉంది. మెకెంజీ కాసేపటికి వచ్చి కంగారుపడితే, కాలు నొప్పి ఇంత తగ్గడం ఇన్ని వారాల్లో ఇదే మొదటిసారి అన్నాడట ఆయన. అక్కడి నుంచే ఈ పద్ధతి పుట్టింది.

మీరు ఇట్లా చేసి చూడండి. నవారు మంచం మీద కాదు, నేల మీద చాప వేసుకోండి. బోర్లా పడుకొని చేతులు పక్కన పెట్టి, తల ఒక వైపుకు తిప్పి రెండు మూడు నిమిషాలు ఊరికే ఉండండి. పడుతుందనిపిస్తే మోచేతుల మీద లేచి ఇంకో రెండు నిమిషాలు. ఆ తర్వాత అరచేతులు భుజాల కింద పెట్టి ఛాతీని పైకి నెట్టండి, మోచేతులు ఎంత చాపగలిగితే అంత. ఇక్కడే చాలామంది తప్పిపోతారు. పని చేయాల్సింది చేతులు. నడుము, పిర్రలు పూర్తిగా వదులుగా ఉండాలి, కటి భాగం చాపను వదలకూడదు. భుజంగాసనంలో వీపు బలంతో లేస్తారు, ఇందులో వీపుకు పని లేదు. పైన ఒక్క క్షణం ఆగి గాలి వదులుతూ దిగండి. పదిసార్లు చేయండి, రెండు మూడు గంటలకోసారి చేయండి. పొద్దున ఒక్కసారి గట్టిగా చేసి వదిలేస్తే లాభం లేదు.

ఇప్పుడు గమనించాల్సింది ఇది. పిక్కలో ఉన్న నొప్పి తొడకు, తొడలోది పిర్రకు, పిర్రలోది నడుము మధ్యకు వస్తుంటే మంచి గుర్తు. అప్పుడు నడుము మధ్యలో నొప్పి కాస్త పెరిగినా భయపడొద్దు. నొప్పి పిక్క నుంచి పాదంలోకి దిగుతుంటే, తిమ్మిరి పెరుగుతుంటే అది మీకు పడదు, వెంటనే ఆపేయండి.

ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకోవడం మాత్రం ఇప్పుడు వద్దేవద్దు. కాలు గుంజుతుంటే తొడ వెనక కండరం పట్టేసిందనుకొని అందరూ దాన్నే సాగదీస్తారు. అక్కడ మండుతున్నది నరం. దాన్ని సాగదీస్తే ఇంకా మండుతుంది. పొద్దున లేచిన మొదటి అరగంట, గంట అసలు వంగకండి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్లు పీల్చుకొని ఉబ్బుతాయి, ఆ వేళ వంగితే వాటి మీద పడే ఒత్తిడి ఎక్కువ. మొహం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గట్టు మీద పెట్టి, మోకాళ్లు కొంచెం మడవండి.

చిన్నాయన మాట ప్రేమతో అన్నదే, ఆ నమ్మకం మన దగ్గర చాలా ఊళ్లలో ఉంది. కానీ నరం అలిగి ఉన్నప్పుడు నడుం మీద దెబ్బ పడితే కాలు పడిపోయే ప్రమాదం ఉంది. ఎవరితోనూ తన్నించుకోవద్దు, తొక్కించుకోవద్దు. పెద్దాయన మాట కాదనలేకపోతే ఉప్పు మూట కాపడం పెట్టమని అడగండి. వేడి నిజంగానే కండరాన్ని వదులు చేస్తుంది.

కల్వకుర్తి_రైతక్క:

తమ్ముడూ, నేను మగ్గం నేసేదాన్ని కాదు, పొలం పని చేసేదాన్ని. మా దిక్కు కల్వకుర్తి లిఫ్టు నీళ్లు వచ్చినాక వరి పెరిగింది, నాట్లు పెరిగినాయి. సొంత పొలం పని అయిపోతే కైకిలి (కూలికి) పోతాను. వానాకాలం నాట్లు, కలుపు, తర్వాత పత్తి ఏరుడు. అన్నీ వంగి చేసేవే. వంగొద్దంటే మా బతుకు నడవదు, అందుకే ఎట్లా వంగాలో నేర్చుకున్నాను.

నాకు నేర్పింది కర్ర. ఒక పొడుగు కర్ర తీసుకొని వీపు మీద నిలువుగా పెట్టుకో. తల వెనక, రెక్కల నడుమ, ముడ్డిపూస మీద, మూడు చోట్లా తగలాలి. ఒక చెయ్యి మెడ వెనక, ఇంకోటి నడుం వెనక పెట్టి కర్ర పట్టుకొని, మోకాళ్లు కొంచెం మడిచి పిర్రలు వెనక్కి నూకుతూ వంగు. కర్ర మూడు చోట్లా తగిలి ఉన్నంతసేపు తుంటి దగ్గర వంగుతున్నావు. ఎక్కడన్నా కర్ర విడిస్తే నడుము దగ్గర వంగినట్టు. రోజూ అన్నం ముందు కొన్నిసార్లు చేశాను. ఇప్పుడు బిందె ఎత్తినా, నారుకట్ట తీసినా ఒళ్లు అట్లాగే వంగుతుంది.

పత్తి ఏరేటప్పుడు ఒడి నిండేదాకా ఆగను. నడుముకు కట్టిన ఒడిలో పత్తి బరువైన కొద్దీ మనిషి ముందుకు వంగిపోతది. సగం కాంగనే బస్తాలో పోసి వస్తా. ఆ పోయి వచ్చే నడకే నడుముకు విశ్రాంతి. సాళ్ల చివర నిలబడి చేతులు నడుం మీద పెట్టి వెనక్కి నాలుగైదుసార్లు వంగుతా. ముందు తోటోళ్లు నవ్వేటోళ్లు, ఇప్పుడు వాళ్లూ వంగుతున్నారు.

పొద్దుగూకినాక కాల్వ గట్టు మీద నడుస్తాను. పనిలో నడిచేది నడక కాదా అని మా ఆయన అడుగుతాడు. బరువు లేకుండా, చేతులు ఊపుకుంటూ, తల ఎత్తి నడిచేది వేరు. ఆ నడక నడిచిన రాత్రి నిద్ర వేరే ఉంటది. నడుము కంటే భయం ఎక్కువ బాధ పెట్టింది నన్ను. ఏది ఎత్తితే ఏమైతదో అని ప్రతిదానికీ జంకుతుంటి. మెల్లమెల్లగా ఎత్తుకుంటూ పోతేనే అది పోయింది.

మర్రిగూడ_నుంచి:

అన్నా, మీ అమ్మగారి గురించి రాయాలనే వచ్చాను. మా ఇంట్లో ముగ్గురికి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు (ఫ్లోరోసిస్) ఉంది. మీరు చెప్పిన మెడా నడుమూ బిగుసుకుపోవడం మా అవ్వకు సరిగ్గా అట్లాగే మొదలైంది.

ఇంట్లోనే చూడదగ్గ మూడు పరీక్షలు మాకు చెప్పారు. మోకాళ్లు వంచకుండా నేల మీద రూపాయి బిళ్ల తీయగలదా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులు చాపి, మడిచి తల వెనక పెట్టుకోగలదా? ఈ మూడింట్లో కష్టం ఉంటే ఫ్లోరోసిస్ అని అనుమానించాలి. వయసు మీద వచ్చే అరుగుదలకూ ఇట్లా ఉండొచ్చు, కాబట్టి దీంతోనే తేల్చుకోవద్దు. ఆస్పత్రిలో ముంజేతి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకున్నది కనిపిస్తుంది. మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కూడా చూస్తారు. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 2008-09 నుంచి ఉంది, జిల్లా ఆస్పత్రిలో అడగండి.

నీళ్ల సంగతి దీనికంటే ముఖ్యం. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు అని మన దేశంలో పెట్టుకున్న హద్దు. బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పేరు అట్లా తెలియాల్సి వచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. తాగడానికే కాదు, అన్నం వండటానికి, పప్పు ఉడకబెట్టడానికి కూడా అవే వాడండి. రుచి బాగుందని పాత బోరు నీళ్లతోనే వండుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మీ అమ్మగారిని ఒకసారి అడిగి చూడండి.

నల్లగొండ_ఫిజియో:

మర్రిగూడ తమ్ముడు చెప్పినది ప్రతి అక్షరం నిజం. అన్నా, అమ్మగారికి ఎక్స్‌రే చూడకుండా మీ వ్యాయామాలు చేయించొద్దు. ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసల చుట్టూ ఉండే పట్టీలు ఎముకలా గట్టిపడతాయి. ఎముక బరువెక్కుతుంది కానీ పెళుసవుతుంది. అట్లాంటి వెన్నును బలవంతంగా వంచినా, ఎవరైనా పట్టి విరిచినా ప్రమాదం. నడకలో తడబాటు, కాళ్లలో బిగువు ఉన్నాయా అన్నది కూడా డాక్టరు చూడాలి.

అంతదాకా ఆమెతో చేయించదగ్గవి ఉన్నాయి. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, రెండు మోకాళ్లను కలిపి కొంచెం అటూ ఇటూ వాల్చడం. నొప్పి రానంత మేర మాత్రమే. కుర్చీలో కూర్చొని చేతుల సాయంతో లేవడం, మళ్లీ కూర్చోవడం. కూర్చొని ఊపిరి నిండా పీల్చడం కూడా చేయించండి, పక్కటెముకలు బిగుసుకున్న వాళ్లకు అది చాలా అవసరం. పొద్దున ఎండలో నిదానంగా నడక. పడిపోకుండా చూసుకోవడం అన్నింటికంటే పెద్ద పని, స్నానాల గది దగ్గర పట్టుకోవడానికి ఒక కర్ర పాతించండి.

చండూరు_మగ్గం:

అక్కా, మీరు చెప్పినట్టే చాప మీద చేస్తున్నాను. పిక్కలో గుంజుడు పోయింది, ఇప్పుడు పిర్రలోనే ఉంటోంది. నడుము మధ్యలో మాత్రం మొదట్లో కంటే ఎక్కువుంది. మీరు ముందే చెప్పకపోయి ఉంటే భయపడి ఆపేసేవాణ్ని. బెల్టు తీసేయనా? మగ్గం మీద కూర్చోక తప్పదు, దానికేం చేయాలి? కర్ర పెట్టుకొని వంగడం మా ఇంటామె కూడా నేర్చుకుంటోంది, రైతక్కకు దండం.

అమ్మకు రూపాయి బిళ్ల అందలేదు. సోమవారం నల్లగొండ తీసుకుపోతున్నాను.

నల్లగొండ_ఫిజియో:

చాలా సంతోషం అన్నా. అమ్మగారి పాత మందుల చీటీలు కూడా వెంట తీసుకెళ్లండి.

బెల్టు సంగతి. దీర్ఘకాలం ఉండే నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచనలు ఇచ్చింది. అందులో వ్యాయామం చేయించాలని ఉంది, నడుం బెల్టులు, బరువులు కట్టి లాగడం మామూలుగా వద్దని ఉంది. బస్సులో దూరం పోయేటప్పుడు ధైర్యానికి పెట్టుకుంటే పెట్టుకోండి, మగ్గం మీద వద్దు. నొప్పి గోళీలు మందుల షాపులో అడిగి వారాల తరబడి వేసుకోవద్దు, కడుపుకూ కిడ్నీలకూ దెబ్బ.

మగ్గానికి వద్దాం. మీరు కూర్చునే చోట దుప్పటి మడిచి, వెనకవైపు ఎత్తుగా, ముందువైపు పల్చగా ఉండేట్టు వేయండి. తుంటి మోకాళ్ల కంటే కొంచెం పైన ఉంటే నడుము దానంతటదే నిలబడుతుంది. మరీ ఎత్తయితే తొడలు నేసిన బట్ట చుట్టుకునే కర్రకు తగులుతాయి, పాదాలు కింది చెక్కలకు అందవు, కాబట్టి కొంచెం కొంచెంగా పెంచి చూసుకోండి. గుంట అంచు తొడ కింద కోసుకోకుండా అక్కడ పాత బొంత పెట్టండి. రెండు మూడు కండెలు అయిపోయినప్పుడల్లా లేచి నిలబడండి. గడియారం పెట్టుకుంటే పనిలో పడి మరచిపోతారు, కండె మరచిపోనివ్వదు. లేచి నడుం మీద చేతులు పెట్టి అయిదారుసార్లు వెనక్కి వంగి, వాకిలి దాకా పోయి రండి. నొప్పి వచ్చాక లేవడం కాదు, రాకముందే లేవాలి.

కాలు నొప్పి పూర్తిగా పైకి వచ్చి కొన్ని రోజులు నిలకడగా ఉన్నాక బలం పెంచే మూడు మొదలుపెట్టండి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ఎంచినవి ఇవి. ఒకటి, వెల్లకిలా పడుకొని ఒక మోకాలు మడిచి, చేతులు రెండూ నడుము కింది ఒంపులో పెట్టుకొని తల, భుజాలు నేల నుంచి కాస్తే పైకి లేపడం. గడ్డం ఛాతీకి రాకూడదు, నడుము చేతుల మీద అణగకూడదు. రెండోది పక్కకు పడుకొని మోచేతి మీద తుంటి లేపడం, ముందు మోకాళ్లు మడిచి చేయండి. మూడోది మోకాళ్లు, చేతుల మీద నిలబడి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపడం, తర్వాత రెండోవైపు. దీంట్లో మీ వీపు మీద నీళ్ల చెంబు పెడితే ఒలకకూడదు. ప్రతిదీ పది సెకన్లకు మించి పట్టొద్దు. సమయం పెంచే కంటే సార్లు పెంచండి. ఊపిరి బిగబట్టొద్దు.

వీటితోపాటు నడక. మళ్లీ రాకుండా ఆపేది అదే అని నా అనుభవం, లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. నడుము నొప్పి తగ్గిన వాళ్లను తీసుకొని ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష 2024లో వచ్చింది. ఫిజియో చెప్పిన పద్ధతిలో నడక పెంచుకున్న వాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి సగటు మనిషికి 208 రోజులు పట్టింది. ఏ సాయం లేకుండా వదిలేసిన వాళ్లకు 112 రోజులే. వాళ్లు చేసిందల్లా వారానికి అయిదుసార్ల వరకు, అరగంట దాకా మెల్లమెల్లగా పెంచుకుంటూ నడవడం. చండూరు రోడ్డు మీద పొద్దున్నే లారీలుంటాయి, చెరువు కట్ట వైపు నడవండి.

పాలమూరు_స్టీరింగ్:

నేను డీసీఎం (చిన్న లారీ) నడుపుతాను, మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు రూటు. నాదీ ఇదే నొప్పి. కానీ మేడం, నాకు బోర్లా పడుకొని లేస్తే కాలు ఇంకా ఎక్కువ లాగుతోంది. మోకాళ్లు ఛాతీకి పట్టుకుంటే హాయిగా ఉంది. వయసు 57. కొంత దూరం నడిస్తే రెండు పిక్కలూ బరువెక్కి ఆగిపోవాల్సి వస్తుంది, కాసేపు కూర్చుంటే మళ్లీ నడవగలను.

నల్లగొండ_ఫిజియో:

మీది వేరే రకం కాకా, అడిగి మంచి పని చేశారు. నడిస్తే పట్టి, కూర్చుంటే, ముందుకు వంగితే వదులయ్యేది చాలాసార్లు నరాలు పోయే దారి ఇరుకవడం వల్ల వస్తుంది, వయసు మీద ఎక్కువ. బోర్లా పడుకొని నెట్టడం ఆపేయండి. వెల్లకిలా పడుకొని ఒక్కో మోకాలూ, తర్వాత రెండూ ఛాతీకి తెచ్చుకోవడం మీకు సరైనది. సైకిల్ తొక్కగలిగితే నడక బదులు అది తొక్కండి. కాళ్లలో రక్తం సరిగా పారకపోయినా నడిస్తే పిక్కలు ఇట్లాగే పట్టేస్తాయి, కాబట్టి బీడీ, సిగరెట్ అలవాటు గానీ షుగరు గానీ ఉంటే పాదాల దగ్గర నాడి చూడమని డాక్టరును అడగండి. వెనక జేబులో పర్సు పెట్టుకొని బండి నడపొద్దు. సీటు ముందుకు జరుపుకోండి, క్లచ్ తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం మడిచే ఉండాలి.

చండూరు_మగ్గం:

అక్కా, ఆఖరుగా ఒకటి. ఈ చీరలయ్యాక కొత్త పడుగు ఎక్కించాలి. పడుగు చుట్టిన కర్ర బరువుంటుంది, ఇద్దరం పట్టుకొని ఎత్తుతాం. నేను ఎత్తొచ్చా?

నల్లగొండ_ఫిజియో:

దగ్గినా తుమ్మినా జివ్వుమనడం పోవాలి, పొద్దున గోడ పట్టుకోకుండా లేవగలగాలి, ఖాళీ కర్రతో రైతక్క చెప్పిన పద్ధతిలో వంగినప్పుడు కాల్లోకి నొప్పి దిగకూడదు. ఈ మూడూ ఉంటే ఎత్తండి. ముందు అరబిందె నీళ్లతో, తర్వాత నిండు బిందెతో అలవాటు చేసుకోండి. ఎత్తేటప్పుడు కర్ర ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుము తిప్పకుండా పాదాలు జరుపుతూ తిరగాలి. పొద్దున లేవగానే కాదు, పది గంటల తర్వాత ఎత్తండి. ఈసారికి పక్కింటి మగ్గం నుంచి ఇంకో మనిషిని పిలుచుకుంటే ఇంకా మంచిది.

సోమవారం అమ్మగారి ఎక్స్‌రే వచ్చాక ఏమన్నారో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ఆమెకు ఏవి చేయించాలో చెబుతాను.